పారిస్‌లో మన హైదరాబాదు పండితుడు
డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ జీవితం

ఆ మధ్య ఒక జుమా నాడు నమాజు ముగిసి జనం వెళ్ళిపోయాక, త్రిపురారంలో ఒక పెద్దమనిషి మా దగ్గరికి వచ్చి మసీదు వరండాలో కూర్చున్నారు. సాగర్ ఎడమ కాలువ కింద కొద్దిపాటి వరి పొలం చేసుకుని బతికే మనిషి. కొడుకును అప్పు చేసి ఫ్రాన్సు దేశానికి చదువుకు పంపారు. మిర్యాలగూడలో ప్రింటు తీయించిన ఒక కాగితం ఆయన చేతిలో ఉంది. అబ్బాయి పదో తరగతి మెమోలో పేరు ముందు 'ఎండి' అని రెండక్షరాలున్నాయి. పాస్‌పోర్టులో మొహమ్మద్ అని పూర్తిగా ఉంది. పుట్టిన తేదీ సర్టిఫికెట్‌లో అసలు ఆ మాటే లేదు. ఈ మూడు పేర్లూ ఒక్కరివేనని రుజువు చూపమని అక్కడి కార్యాలయం వారు అడుగుతున్నారు. అది తేలేదాకా అబ్బాయికి నివాస కార్డు కొత్తది రాదు.

ఆ తండ్రిని కాగితం కంటే ఎక్కువ బాధపెట్టింది మరొకటి. ఆ దేశంలో తాను ఎవరికీ ఏమీ కానని, కాగితం లేకపోతే మనిషే లేనట్టు చూస్తారని కొడుకు ఫోనులో ఏడ్చాడట. చదువు మానేసి వచ్చేస్తానని కూడా అన్నాడట.

సర్టిఫికెట్ సరిచేయించే దారి ఏదో మాకు తెలిసినంత చెప్పాము. ఆ తరువాత ఒక మహనీయుని సంగతి కూడా చెప్పాము. ఆయన మన హైదరాబాదు వాడే. నలభై ఏళ్ళ వయసులో పారిస్‌లో ఉండగా, దేశం పేరు చెప్పుకునే కాగితమే లేనివాడై, ఆ నగరంలోనే దాదాపు అర్ధ శతాబ్దం గడిపారు. ఆయనే డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్, రహ్మతుల్లాహి అలైహి. మన ఇళ్ళలో చాలామందికి ఆయన పేరు తెలుసు గాని, ఆయన ఎలా బతికారో తెలిసినవారు తక్కువ. పిల్లలను పరాయి దేశాలకు పంపుతున్న ఈ రోజుల్లో ఆ జీవితాన్ని ఒకసారి నెమరువేసుకోవడం అవసరమని మేము భావిస్తున్నాము.

పండితుల ఇంట పుట్టిన బిడ్డ

హమీదుల్లాహ్ సాహెబ్ 1908 ఫిబ్రవరిలో హైదరాబాదులో జన్మించారు. వారిది నవాయత్ కుటుంబం. తరతరాలుగా ఇల్మ్‌కు పేరుపొందిన వంశం. తాతగారు మద్రాసులో ఖాజీగా, గ్రంథకర్తగా ప్రసిద్ధులు. తండ్రి ముఫ్తీ ఖలీలుల్లాహ్ హైదరాబాదులో స్థిరపడ్డారు. ఇంట్లో తొలి పాఠాలు తండ్రి వద్దే జరిగాయి. తరువాత దారుల్ ఉలూం, జామియా నిజామియాలలో చదివారు. ఆ పునాది గట్టిపడిన తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరి ఎం.ఏ., న్యాయశాస్త్ర పట్టాలు సంపాదించారు.

ఆనాటి ఉస్మానియాలో న్యాయశాస్త్రమైనా, విజ్ఞానశాస్త్రమైనా ఉర్దూలోనే బోధించేవారు. కాబట్టి ఆధునిక విద్య అంటే సొంత భాషను, సొంత విశ్వాసాన్ని వదులుకోవడమనే భయం ఆ యువకునికి కలగలేదు. మదరసా పాఠమూ విశ్వవిద్యాలయ పాఠమూ ఆయనలో తగవు పడలేదు. రెండూ కలిసి ఒక ప్రశ్నను పుట్టించాయి. దేశాల మధ్య యుద్ధానికి, సంధికి, తటస్థతకు సంబంధించిన చట్టాలను తామే కనిపెట్టామని ఐరోపా వారు చెప్పుకుంటున్నారు. మరి దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలోనే రాయబారులు వెళ్ళారు, ఒప్పందాలు జరిగాయి, ఖైదీల హక్కులు నిర్ణయమయ్యాయి కదా. దీన్ని వారి భాషల్లో, వారి పద్ధతిలోనే ఆధారాలతో ఎందుకు చూపకూడదు? ఆయన జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న వెంట నడిచిందంటే అతిశయోక్తి కాదు.

విద్యార్థిగా ఐరోపా

1930 దశకం తొలి ఏళ్ళలో ఆయన పరిశోధన కోసం ప్రయాణం కట్టారు. హిజాజ్, సిరియా, ఈజిప్టు, టర్కీ గ్రంథాలయాలలో చేతివ్రాత ప్రతులు వెదికారు. బద్ర్, ఉహుద్ మైదానాలకు స్వయంగా వెళ్ళి, నడిచి, కొలిచి, పటాలు గీసుకున్నారు. ప్రవక్త కాలపు యుద్ధభూముల మీద ఆయన వ్రాసిన పుస్తకానికి ఆ నడకే ఆధారం.

అక్కడి నుంచి జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయం చేరి, ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయంలో తటస్థత అనే అంశంపై జర్మన్ భాషలో సిద్ధాంత గ్రంథం సమర్పించి డాక్టరేటు పొందారు. తరువాత పారిస్‌లోని సోర్బోన్‌కు వెళ్ళి, ప్రవక్త (స), ఖులఫాయె రాషిదీన్ల కాలపు దౌత్య సంబంధాలపై ఫ్రెంచ్‌లో గ్రంథం వ్రాసి మరో డాక్టరేటు అందుకున్నారు. కొద్ది ఏళ్ళ వ్యవధిలో రెండు పరాయి భాషలలో రెండు డాక్టరేట్లు! నోటితో మాట్లాడటానికి నేర్చుకునే భాష వేరు, ఆ దేశపు పండితుల ఎదుట నిలబడి వాదించడానికి నేర్చుకునే భాష వేరు. ఆయన నేర్చినది రెండవది.

తరువాత హైదరాబాదు తిరిగివచ్చి ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయం బోధించారు. ప్రవక్త (స) కాలపు ఒప్పందాలను, లేఖలను ఒకచోట చేర్చిన ఆయన అరబీ సంకలనం 1941లో కైరోలో అచ్చయింది. అప్పటికి ఆయన వయసు 33 ఏళ్ళు. ఉద్యోగం ఉంది, పేరుంది, సొంత ఊరుంది. జీవితం అలాగే సాగిపోతుందని ఎవరైనా అనుకుంటారు.

1948 సెప్టెంబరు

ఆ ఏడు సంగతి మన ప్రాంతపు పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. నల్లగొండ, సూర్యాపేట పల్లెలు అప్పుడు చూసిన దుఃఖం ఏ ఒక్క మతానిదీ కాదు. రజాకార్ల దౌర్జన్యానికి ఎన్నో ఇళ్ళు గురయ్యాయి. పోలీసు చర్య తరువాత జరిగిన దాడులలో ఎన్నో ముస్లిం కుటుంబాలు దిక్కులేనివయ్యాయి. నేరం చేసినవారు ఒకరైతే శిక్ష అనుభవించినవారు మరొకరు.

నిజాం ప్రభుత్వం 1948 ఆగస్టులో తన ఫిర్యాదును ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి పంపింది. సెప్టెంబరులో మండలి పారిస్‌లో సమావేశమైంది. అక్కడికి వెళ్ళిన హైదరాబాదు ప్రతినిధి వర్గంలో అంతర్జాతీయ న్యాయం తెలిసినవారుగా హమీదుల్లాహ్ సాహెబ్ కూడా ఉన్నారు. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించింది. 16న భద్రతా మండలి ఫిర్యాదును చర్చకు తీసుకుంది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. కొద్ది రోజులకే ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నట్లు నిజాం తెలియజేశారు. ఏ రాజ్యం తరఫున ఆయన పారిస్ వెళ్ళారో ఆ రాజ్యం ఇక లేదు.

ఆయన తిరిగి రాలేదు. పారిస్‌లోనే ఉండిపోయారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అని తీర్పు చెప్పడం మా పని కాదు. లక్షలాది ముస్లింలు ఇక్కడే ఉండి, ఈ దేశపు పౌరులై, ఈ మట్టిలోనే తమ బతుకు నిలబెట్టుకున్నారు. మేమూ వారి సంతానమే. ఆయన దారి వేరైంది. అంతవరకే చెప్పగలం.

ఇక్కడ ఒక విచిత్రాన్ని గమనించాలి. అదే ఏడాది డిసెంబరు 10న అదే పారిస్ నగరంలో ఐక్యరాజ్యసమితి విశ్వ మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. ప్రతి మనిషికీ ఒక జాతీయతను కలిగి ఉండే హక్కు ఉందని అందులో వ్రాసుకున్నారు. ఆ రోజుల్లోనే ఆ నగరంలో అంతర్జాతీయ న్యాయం బోధించిన ఒక హైదరాబాదు ఆచార్యుడు ఏ దేశానికీ చెందనివాడుగా మిగిలాడు.

కాగితాల నడుమ బతుకు

ఫ్రాన్సు కాగితాన్ని గౌరవించే దేశం. 1945 నవంబరు 2 నాటి ఆర్డినెన్సు ప్రకారం మూడు నెలలకు మించి అక్కడ ఉండదలచిన విదేశీయుడు నివాస కార్డు తీసుకోవలసి ఉండేది. ఆ కార్డులు అప్పట్లో మూడు రకాలుగా ఉండేవి. మొదటిదానికి ఎక్కువలో ఎక్కువ ఒక ఏడాది గడువు. రెండవదానికి మూడేళ్ళు. మూడవదానికి పదేళ్ళు. పారిస్‌లో ఈ వ్యవహారమంతా పోలీసు ప్రిఫెక్చరు అనే కార్యాలయానిది. సేన్ నది నడుమ దీవి మీద, నోత్రదాం చర్చి ఎదుట ఉంటుంది ఆ కట్టడం. గడువు తీరిన ప్రతిసారీ ఎక్కడ ఉంటున్నదీ, దేనితో బతుకుతున్నదీ రుజువులు చూపి, ఫోటోలు ఇచ్చి, వరుసలో నిలబడవలసి వచ్చేది.

దేశం లేనివానికి ఇది మరింత కష్టం. మామూలు విదేశీయుడు పాస్‌పోర్టు పోతే తన రాయబార కార్యాలయానికి వెళతాడు. పుట్టిన రోజు ధ్రువీకరణ కావాలన్నా అక్కడే అడుగుతాడు. శరణార్థికి ఆ తలుపు లేదు. అందుకే ఫ్రాన్సు 1952 జూలై 25న శరణార్థుల, దేశరహితుల రక్షణ కోసం ఒక ప్రత్యేక కార్యాలయాన్ని ఏర్పాటు చేసింది. సొంత దేశం ఇవ్వవలసిన జనన, వివాహ ధ్రువపత్రాల స్థానంలో ఈ కార్యాలయమే పత్రాలు ఇస్తుంది. మన మాటల్లో చెప్పాలంటే ఊరిలేని మనిషికి అదే పంచాయతీ ఆఫీసు, అదే తహసీలు. 1951 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం శరణార్థికి పాస్‌పోర్టుకు బదులు ఒక ప్రయాణ పత్రం ఇస్తారు. దానితో ఇతర దేశాలకు వెళ్ళవచ్చు. అయితే వదిలివచ్చిన దేశానికి మాత్రం అది చెల్లదు.

హమీదుల్లాహ్ సాహెబ్ తన జీవితంలో మిగిలిన కాలాన్ని ఇటువంటి శరణార్థి పత్రాలతోనే గడిపారు. ఫ్రెంచ్ పౌరసత్వం తీసుకోలేదు. పాకిస్తాన్ ఏర్పడిన కొత్తలో రాజ్యాంగ రచనకు సలహాలిమ్మని పిలిస్తే వెళ్ళి, కొంతకాలం పనిచేసి పారిస్‌కు తిరిగి వచ్చేశారు. ఆ దేశపు పౌరసత్వమూ తీసుకోలేదు. తనను హైదరాబాదు వాడిగానే లెక్కించుకున్నారు.

ఇక్కడ మన యువకులు గమనించవలసిన సంగతి ఒకటుంది. పౌరసత్వం లేనివాడు చట్టం విషయంలో పౌరుని కంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఒక్క గడువు దాటినా, ఒక్క రుజువు తప్పినా నిలబడే చోటు పోతుంది. అంతర్జాతీయ న్యాయం బోధించిన ఆచార్యునికి కూడా నివాస పత్రం అందరిలాగే కావలసిందే. చదువు మనిషికి వరుస తప్పించదు. వరుసలో నిలబడి కూడా చిన్నబోకుండా ఉండే ధైర్యాన్ని ఇస్తుంది.

తుర్నోన్ వీధి గది

పారిస్ ఆరవ వార్డులో, లక్సెంబర్గు ఉద్యానానికి దగ్గరగా తుర్నోన్ అనే పాత వీధి ఉంది. అక్కడ లిఫ్టు లేని ఒక పాత భవనపు పై అంతస్తులో ఒక చిన్న నివాసంలో ఆయన దశాబ్దాలు గడిపారు. పుస్తకాలు, చేతివ్రాత ప్రతుల నకళ్ళు, ఉత్తరాలు అవే సామాను. పెళ్ళి చేసుకోలేదు. వంట, ఇంటి పని తామే చేసుకునేవారు. సంపాదనలో తన కోసం ఖర్చు పెట్టుకున్నది స్వల్పం.

1954లో ఫ్రాన్సు జాతీయ శాస్త్ర పరిశోధనా కేంద్రంలో పరిశోధకునిగా చేరి 1978 వరకు పనిచేశారు. దేశం లేని మనిషికి ఆ దేశపు అత్యున్నత పరిశోధనా సంస్థ 24 ఏళ్ళు స్థానం ఇచ్చిందంటే, అది సిఫారసుతో వచ్చేది కాదు. ఆయన ఫ్రెంచ్ భాష, ఆయన పరిశోధన ఆ తలుపు తీశాయి.

ఫ్రెంచ్ వారి మర్యాదలు కొన్ని కొత్తవారికి చిత్రంగా కనిపిస్తాయి. దుకాణంలోకి వెళ్ళినా, కార్యాలయపు కిటికీ ముందు నిలబడినా ముందుగా అభివందనం చెప్పాలి. తరువాతే పని సంగతి. అది చెప్పకుండా సూటిగా ప్రశ్న వేస్తే ఎదుటి గుమాస్తా ముఖం మాడ్చుకుంటాడు. మన పిల్లవాడు దాన్ని తన రంగు మీద, మతం మీద ద్వేషంగా అర్థం చేసుకుంటాడు. నిజంగా ద్వేషం ఉన్న చోట్లు ఉంటే ఉండవచ్చు. కాని ప్రతి విసుగూ ద్వేషం కాదు. మాటకు ముందు సలాం చెప్పమని నేర్చుకున్న మనకు ఈ పద్ధతి కొత్తదా? అలాగే మనకు నువ్వు, మీరు అని, ఉర్దూలో తుమ్, ఆప్ అని ఉన్నట్టే ఫ్రెంచ్‌లోనూ రెండు మాటలున్నాయి. పరిచయం లేనివారిని చిన్న మాటతో పిలిస్తే మర్యాద తప్పినట్టే. తెలుగు, ఉర్దూ తెలిసినవానికి ఈ తేడా ఇంగ్లీషు వాని కంటే సులువుగా పట్టుబడాలి.

ఆ దేశంలో నోటి మాట కంటే వ్రాతకు విలువ. ముఖ్యమైన సంగతి ఏదైనా రిజిస్టరు ఉత్తరంగా పంపి, అందినట్టు రసీదు దాచుకోవడం అక్కడి అలవాటు. హమీదుల్లాహ్ సాహెబ్‌కు ఉత్తరాల విషయంలో ఉన్న నిష్ఠ ప్రసిద్ధమైనది. ప్రపంచం నలుమూలల నుంచి పండితులు వ్రాసినా, ముక్కూముఖం తెలియని విద్యార్థి వ్రాసినా, సొంత చేతితో జవాబు వ్రాసి పంపేవారు. మనలో ఎంతమందిమి వచ్చిన ఉత్తరానికి జవాబిస్తున్నామో ఒకసారి ఆలోచించుకోవాలి.

పదహారు గంటల పగలు

పరాయి దేశంలో ముస్లింకు ఎదురయ్యే సమస్యలు కాగితాలతో తీరవు. త్రిపురారంలో ఎండాకాలపు అతి పొడవైన పగలు పదమూడు గంటల పైచిలుకు. పారిస్‌లో జూన్‌లో పగలు పదహారు గంటలు దాటుతుంది. డిసెంబరులో ఎనిమిది గంటల పైచిలుకు మాత్రమే. ఇంకా ఉత్తరానికి పోతే నార్వే, ఫిన్లాండు కొసలలో వేసవిలో సూర్యుడు అస్తమించడు. మరి అక్కడ నమాజు వేళలేమిటి, రోజా ఎప్పుడు విడవాలి?

ఇస్లాంను కొత్తగా తెలుసుకునే ఐరోపా వారి కోసం, అక్కడ ఉండే ముస్లింల కోసం హమీదుల్లాహ్ సాహెబ్ ఒక పరిచయ గ్రంథం వ్రాశారు. ఈ ప్రశ్నను ఆయన అందులో దాటవేయలేదు. భూమధ్యరేఖ నుంచి 45వ అక్షాంశం వరకు సూర్యుని గమనాన్ని అనుసరించాలని, దాన్ని దాటిన ప్రాంతాలవారు 45వ అక్షాంశం మీది వేళలను గడియారం చూసి పాటించవచ్చునని సూచించారు. ఫ్రాన్సులో ఆ అక్షాంశం బోర్డో నగరం సమీపంగా పోతుంది. పారిస్ దానికి ఉత్తరాన ఉంది. పారిస్ వారికి ఈ లెక్కతో వేసవిలో కలిగే తేడా అరగంట పైచిలుకే. ధ్రువానికి దగ్గర్లో ఉండేవారికి మాత్రం రోజా పాటించగలమా లేదా అన్నదే దీని మీద ఆధారపడుతుంది. ఉలమాలలో దీనిపై వేరే అభిప్రాయాలున్నాయి. ఆ చర్చలోకి మేము వెళ్ళడం లేదు. ఆయన పద్ధతిని మాత్రం చూడండి. కొత్త దేశంలో సమస్య వచ్చిందని దీన్‌ను వదలలేదు. దేశాన్ని తిట్టుకుంటూ కూర్చోలేదు. గ్రంథమూ, పటమూ, గడియారమూ ముందు పెట్టుకుని దారి వెదికారు.

వారి భాషలో దివ్య ఖుర్ఆన్

ఫ్రెంచ్‌లో దివ్య ఖుర్ఆన్ అనువాదం 1647 నాటికే వచ్చింది. వ్రాసినది ఒక ఫ్రెంచ్ దౌత్యవేత్త. తరువాత వచ్చినవాటిలో పేరుకెక్కినవి కూడా ముస్లిమేతరులు చేసినవే. ఐరోపా పాఠకుడు ఇస్లాంను ఇతరుల కళ్ళతో చూస్తూ వచ్చాడు. హమీదుల్లాహ్ సాహెబ్ అనువాదం 1959లో వెలువడింది. ఫ్రెంచ్ వాక్యం కుదురుగా ఉండటానికి మిషెల్ లెతుర్మీ అనే ఫ్రెంచ్ రచయిత సహకారం తీసుకున్నారు. ప్రముఖ క్రైస్తవ పండితుడు లూయీ మాసిన్యోన్ దానికి ముందుమాట వ్రాశారు. రెండు డాక్టరేట్లున్న మనిషి, ఆ భాషలో పుట్టినవాని సహాయం తీసుకోవడానికి నామోషీ పడలేదు. ఇదీ నేర్చుకోదగినదే.

ఆ అనువాదం ఎన్నో ముద్రణలు పొందింది. ఆయన జీవితాంతం దాన్ని సరిదిద్దుతూ వచ్చారు. మదీనాలోని కింగ్ ఫహద్ ముద్రణాలయం పంచే ఫ్రెంచ్ అనువాదం కూడా దీన్ని సవరించి తయారుచేసినదే. అదే 1959లో ప్రవక్త (స) జీవితాన్ని, కృషిని గురించి రెండు సంపుటాల గ్రంథాన్ని ఫ్రెంచ్‌లో ప్రకటించారు.

అంతకు ముందే 1953లో మరో మేలు జరిగింది. హజ్రత్ అబూ హురైరా (రజి) శిష్యుడు హమ్మాం బిన్ మునబ్బిహ్ వ్రాసుకున్న 138 హదీసుల చిన్న సంకలనం ఒక ప్రతి బెర్లిన్‌లో, ఒక ప్రతి డమాస్కస్‌లో దొరికాయి. హమీదుల్లాహ్ సాహెబ్ రెండింటినీ పోల్చి, శుద్ధప్రతి తయారుచేసి అచ్చు వేయించారు. హదీసులు వందల ఏళ్ళ తరువాత గాని వ్రాతలోకి రాలేదన్న వాదానికి ఆ చిన్న పుస్తకం గట్టి సమాధానమైంది. కోపంతో కాదు, ఆధారంతో జవాబివ్వడం ఆయన మార్గం.

విద్యార్థుల తండ్రి

పారిస్ పెద్ద మసీదు 1926లోనే ప్రారంభమైంది. ఆ తరువాతి దశాబ్దాలలో అల్జీరియా, మొరాకో, ట్యునీషియాల నుంచి శ్రమజీవులు, విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఫ్రాన్సు చేరారు. ఆ రోజుల్లో ఫ్రాన్సులో విదేశీయులు సంఘం పెట్టుకోవాలంటే హోంశాఖ ముందస్తు అనుమతి కావాలి. 1939లో వచ్చిన ఆ నిబంధన 1981లో గాని తొలగలేదు. అటువంటి కాలంలో, 1963లో ఫ్రాన్సులోని ముస్లిం విద్యార్థుల సంఘం ఏర్పడటానికి ఆయన మూలపురుషులయ్యారు. ఇల్లు వదిలివచ్చిన పిల్లలకు నాలుగు మంచి మాటలు వినే చోటు, కలిసి నమాజు చేసుకునే తోడు దొరికాయి. ఒంటరి గదిలో ఉండే ఈ బ్రహ్మచారి ఎందరో విద్యార్థులకు తండ్రి వంటివారయ్యారు.

ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయానికి ఏళ్ళ తరబడి వెళ్ళి పాఠాలు చెప్పారు. నేటి టర్కీ ఇస్లామీయ పండితులలో ఒక తరం ఆయన శిష్యులదే. 1980లో పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్‌లో ఉర్దూలో 12 ఉపన్యాసాలిచ్చారు. కాగితం చూడకుండా మాట్లాడిన ఆ ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చి ఉర్దూ చదివే ప్రతి ఇంటికీ చేరాయి. మేము ఆయనను మొదట ఎరిగింది ఆ పుస్తకం ద్వారానే. ముప్పై ఏళ్ళకు పైగా ఫ్రాన్సులో ఉన్నా ఆయన ఉర్దూ చెక్కుచెదరలేదు. 1985లో పాకిస్తాన్ ప్రభుత్వం హిలాలె ఇమ్తియాజ్ పురస్కారం ఇస్తే, ఆ సొమ్మును ఇస్లామాబాదులోని ఇస్లామీయ పరిశోధనా సంస్థకే ఇచ్చేశారు.

చెల్లించిన మూల్యం

ఆయన జీవితాన్ని పూలబాటగా చూపితే అసత్యం చెప్పినట్టవుతుంది. మళ్ళీ హైదరాబాదులో కాపురముండే భాగ్యం ఆయనకు కలగలేదు. పుట్టిన వీధులు, చదివిన మదరసా, పాఠం చెప్పిన ఉస్మానియా అన్నీ జ్ఞాపకంగానే మిగిలాయి. వృద్ధాప్యంలో ఆ మెట్లు ఎక్కి దిగే శక్తి తగ్గి ఆరోగ్యం దెబ్బతిన్నప్పుడు, 1996లో బంధువులు ఆయనను అమెరికా తీసుకువెళ్ళారు. అక్కడ ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్‌లో 2002 డిసెంబరు 17న తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన వయసు 94 ఏళ్ళు. హైదరాబాదులో పుట్టి, పారిస్‌లో బతికి, ఏ దేశపు పౌరుడూ కాకుండా అమెరికా మట్టిలో కలిసిపోయారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఫ్రాన్సు కూడా మారింది. మతాన్నీ రాజ్యాన్నీ వేరు చేసిన 1905 నాటి చట్టం నీడలోనే ఆయన బతికారు. ఆయన మరణం తరువాత, 2004లో ప్రభుత్వ బడులలో తలగుడ్డను, 2010లో బహిరంగ ప్రదేశాలలో ముఖాన్ని కప్పుకోవడాన్ని నిషేధిస్తూ చట్టాలు వచ్చాయి. ఈనాడు అక్కడికి వెళ్ళే ఆడపిల్లకు ఆయన ఎదుర్కోని ప్రశ్నలు ఎదురవుతాయి. పంపే ముందే తల్లిదండ్రులు వాటిని గురించి తెలుసుకోవాలి. వెళ్ళాక తెలుసుకుంటే బాధ ఎక్కువ.

పిల్లలకు మనం ఏం చెప్పాలి?

ఆయనలాగా పౌరసత్వం లేకుండా ఉండమని మేము ఎవరికీ చెప్పడం లేదు. మన పిల్లలకు ఒక దేశం ఉంది, పాస్‌పోర్టు ఉంది, తిరిగి రావడానికి ఇల్లు ఉంది. ఆ మహనీయునికి లేని భాగ్యం అది. దాన్ని నిలుపుకోవాలి. పేరు విషయంలో మన నిర్లక్ష్యాన్ని ముందు మానుకోవాలి. బడిలో చేర్పించేటప్పుడు 'ఎండి' అని రెండక్షరాలతో సరిపెట్టడం, పుట్టిన రోజు నమోదు చేయించకపోవడం, తండ్రి పేరు ఒక్కోచోట ఒక్కోలా వ్రాయించడం మన ఇళ్ళలో మామూలైపోయింది. ప్రవక్త పేరును ముద్దుగా బిడ్డకు పెట్టుకుని, దాన్ని పూర్తిగా వ్రాయించడానికి మాత్రం తీరిక లేదంటున్నాం. ఆ తప్పు ఇరవై ఏళ్ళ తరువాత పరాయి దేశంలో బిడ్డ మెడకు చుట్టుకుంటోంది.

ఇక ఆ అబ్బాయి బాధ సంగతి. కాగితం అడిగే దేశానికి కాగితం ఇవ్వడం మన బాధ్యత. అతిథిగా వెళ్ళిన ఇంటి నియమం పాటించడం ఒప్పందాన్ని నెరవేర్చడమే. ఒప్పందాన్ని నిలబెట్టుకోమని మన దీన్ మనకు నేర్పుతోంది. అయితే ఆ కాగితం మనిషి విలువను నిర్ణయించదు. దేశం పేరే లేని కాగితం జేబులో పెట్టుకున్న మనిషి ఆ దేశపు భాషలో దివ్య ఖుర్ఆన్‌ను వినిపించాడు. వారి పరిశోధనాలయంలో గౌరవంగా కూర్చున్నాడు. ముక్కూముఖం తెలియని విద్యార్థి ఉత్తరానికీ జవాబు వ్రాశాడు. అతన్ని ఎవరికీ ఏమీ కాని మనిషి అని ఎవరనగలరు?

త్రిపురారం పెద్దమనిషి ఈ సంగతులన్నీ ఓపికగా విని, కొడుకుకు చెబుతానని లేచారు. మరుసటి వారం మండలం ఆఫీసులో సర్టిఫికెట్ సవరణకు దరఖాస్తు ఇచ్చినట్లు కబురు పంపారు. మేము ఇది వ్రాసే నాటికి ఆ కాగితం ఇంకా చేతికి రాలేదు. అబ్బాయి మాత్రం చదువు మానలేదు. సాయంత్రం పూట ఫ్రెంచ్ తరగతిలో చేరాడని తండ్రి సంతోషంగా చెప్పారు.

అల్లాహ్ హమీదుల్లాహ్ సాహెబ్ సేవలను స్వీకరించి ఆయన సమాధిని కాంతితో నింపుగాక. పరాయి నేలల మీద ఉన్న మన పిల్లలకు సులువు కలిగించి, వారి విశ్వాసాన్నీ మర్యాదనూ కాపాడుగాక. ఆమీన్.